మోచేతి ఎత్తు

టేబులు మూడోసారి వెనక్కి వచ్చింది. మొదటి రెండుసార్లు రిక్షాలో వచ్చింది. ఈసారి జాన్ సాహెబ్ దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని, నాలుగు కాళ్లూ ఆకాశాన్ని చూస్తుండగా, కోర్టు వీధి నుంచి నడుచుకుంటూనే వచ్చేశాడు. గురజాల రోడ్ల మీద మిరపకాయల బళ్లు వరసకట్టి పోయే రోజులవి. గాలంతా ఘాటు. దారిలో రెండు తుమ్ములు తుమ్మి కూడా టేబులు జారనివ్వకుండా తెచ్చి వడ్రంగి చిన్నకోటయ్య కొట్టు ముందు దించాడు.

"ఏందబ్బాయ్, మళ్లీనా?" అన్నాడు చిన్నకోటయ్య, చేతిలో బాడిస పక్కన పెట్టి.

"ఇంకా ఎత్తే మామా. భుజాలు లాగుతున్నయి. మణికట్టు వాచిపోతంది. మెడ తిప్పలేకపోతన్నా."

అంతలో రోడ్డు మీద సైకిలు తొక్కుకుపోతున్న, నోటీసులు పంచే కోర్టు అమీనా ఎవరో "జాన్ భాయ్!" అని కేకేస్తే, ఆ మెడే గిరుక్కున వెనక్కి తిరిగింది. వాచిన మణికట్టు గాలిలోకి లేచి హుషారుగా ఊగింది. చిన్నకోటయ్య అది చూశాడు.

"ఈసారి ఓ నాలుగంగుళాలు కోసెయ్ మామా. సోమవారం పొద్దున్నే కావాల. మా ప్లీడరు హనుమయ్య గారి అప్పీలొకటి ఉంది. ఆ రోజే ఆఖరి గడువు. పోయిన నెల రెండుసార్లు కాగితాలు ఆలస్యమైనయ్యని ఆయన గుర్రుగా ఉన్నాడు. ఈసారి తేడా వస్తే మిషను తీసకపోయి బస్టాండు కాడ ఇన్‌స్టిట్యూట్‌లో ఇస్తానన్నాడు."

టైపు మిషను ప్లీడరు గారిది. ఆఫీసులో కక్షిదారుల గోల పడలేక, ఇంటికాడ పెట్టుకుని కొట్టుకోవయ్యా అని తన గుమాస్తా జాన్ సాహెబ్‌కు ఇచ్చాడాయన. తాలూకాలు పోయి మండలాలొచ్చిన ఏడాది అది. ఏ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో తెలియక జనం కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. జాన్ సాహెబ్ ఇంట్లో మిషను పగలంతా టకటకలాడుతూనే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు.

"అప్పటిదాకా దేనిమీద కొడతావు?"

"ట్రంకుపెట్టె ఉందిలే." ఆ మాట అని జాన్ సాహెబ్ గబగబా కోర్టుకు పోయాడు.

చిన్నకోటయ్య టేబులు చుట్టూ ఒకసారి తిరిగాడు. నిజానికి ఆయనకు కోపం రావాలి. నలభై ఏళ్లలో ఆయన కొలత తప్పిందన్నవాడు లేడు. రైతు నాగలి చేయించుకోవడానికి వస్తే ముందు ఆ మనిషిని నిటారుగా నిలబెడతాడు. చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, అరచెయ్యి ఎక్కడికొచ్చి ఆగుతుందో చూసి, అక్కడికి చేత్తో పట్టుకునే మేడి తెస్తాడు. మేడి పొట్టిదైతే సాయంత్రానికి రైతు నడుం వంగిపోతుంది, పొడుగైతే కర్రు నేలలో దిగదు. కాడి చెయ్యాలన్నా రెండు ఎడ్లనూ కొట్టు ముందు కట్టించి చూడందే చెక్క ముట్టడు. ఈ టేబులుకూ అంతే చేశాడు. జాన్ సాహెబ్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, మోచెయ్యి మడవమని, నేల నుంచి మోచేతి దాకా బద్ద నిలబెట్టి కొలిచాడు. ఆ కొలత తప్పే కొలత కాదు.

అందుకే కోపం బదులు ఆయనకు వింత పుట్టింది. ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నవాడల్లా దాన్ని వదిలేసి, టేబుల్ని వెలుగులోకి లాగి, మోకాళ్ల మీద కూర్చుని పరకాయించి చూశాడు.

కింద కాళ్లు ఆనించుకోవడానికి వేసిన అడ్డకర్ర మీద పాలిష్ ఇంకా కొత్తగానే ఉంది. మూడు నెలలుగా ఆ టేబులు ముందు కూర్చుంటున్న ఆరడుగుల మనిషి పాదాలు ఒక్కసారి కూడా దాన్ని తాకలేదన్నమాట. ముందరి కాళ్ల లోపలివైపు, అడుగున జానెడు ఎత్తు వరకు ఎర్రటి ఇటుకపొడి అంటి ఉంది. పైన చెక్క ముందంచున, మిషను పెట్టే చోటుకు అటూ ఇటూ, సన్నటి గీతలు. నెలవంకల్లా వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి, వేలితో తడిమితే తప్ప తెలియనంత లోతున ఉన్నాయి. మేకు గీత కాదు, బ్లేడు గీత కాదు. చిన్నకోటయ్య బొటనవేలిని వాటి మీద అటూ ఇటూ నడిపిస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

మధ్యాహ్నం గాజుల మాబున్నీసా ఎండ తట్టుకోలేక కొట్టు చూరు కిందికి వచ్చింది. గంప దించుకుని, చుట్టకుదురు తీసి దాని మీదే చతికిలబడి, "కాసిని నీళ్లు పోయన్నా, నాలిక పిడచగట్టకపోయింది" అంది. గురజాలలో ఏ ఇంటి లోపలికైనా పిలవకుండా పోగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

చెంబు అందిస్తూ చిన్నకోటయ్య, "చెల్లే, ఇదేం గీతో చెప్పు చూద్దాం. నీకు తెలిస్తే నేను వడ్రంగం మానేస్తా" అన్నాడు.

మాబున్నీసా కూర్చున్నచోటు నుంచే వంగి చూసింది. "మానెయ్యి అయితే. గాజుల గీతలు. మట్టిగాజులు. చేతికి డజను చొప్పున ఏసుకుని బల్లకి ఆనిస్తే ఇట్టా అరుగుద్ది. ఎవరిది?"

"జాన్ సాయిబుది."

చెంబు ఆమె పెదాల దాకా వచ్చి ఆగింది. తరవాత నీళ్లు మొత్తం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గంపలో గాజుల తోరణాలు సర్దుకుంటూ, "నేనేం చెప్పలా. బల్ల చెప్పింది" అంది.

రోడ్డు మీద బళ్లు పోతున్నాయి.

"అతని పెళ్లాం అబిదానా?" అన్నాడు చివరికి చిన్నకోటయ్య, గొంతు తగ్గించి.

"ఆ పిల్ల టైపులో హయ్యరు ప్యాసైంది. పెళ్లికి ముందే. జాన్ రెండుసార్లు లోయరే పోగొట్టుకున్నాడు. ఇంట్లో టకటక ఎవరిదనుకున్నావు మరి? అతను పొద్దున పోయి రాత్రికి గదా వచ్చేది. పగలు మోగే మిషను అతను ఎట్టా కొడతాడని ఈ ఊళ్లో ఒక్కడికీ తట్టలా." నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మొన్న గాజులు మార్చమని పిలిచింది. రెండుంపావు సైజు చెయ్యి దానిది. సబ్బు రుద్దినా ఎక్కలా. మణికట్టు పూరీలాగా పొంగుంది. ఉన్నయి కూడా తీసేసుకుంది, మిషనుకు తగులుతున్నయ్యని సాకు చెప్పింది. ఎముకలు తెలిసిన దాన్ని, నాకు తెలవదా? ఇంకో ఆరునెల్లు ఇట్టాగే కొడితే ఆ చెయ్యి గరిటె గూడా పట్టదు."

చిన్నకోటయ్య అడ్డకర్ర వైపు చూశాడు. అందని పాదాలు. కాళ్ల కింద ఇటుకలు వేసుకుని కూర్చుంటోందన్నమాట.

"ఎంతుంటది మనిషి?"

"నా భుజం దాకా."

ఆయన లేచి, చూరులో దోపిన నూలుతాడు తీసి ఆమె ఒళ్లో వేశాడు. "ఒక పని చెయ్యి చెల్లే. నేల నుంచి మోకాలి మడత దాకా ఒక ముడి. కూర్చున్న చోటు నుంచి, మడిచిన మోచెయ్యి దాకా ఒక ముడి. అంతే. బిగబట్టమాక, మనిషి వదులుగా ఉండాల."

"గాజులమ్మే దాన్ని నన్ను దర్జీని చేస్తివా!" అంటూనే మాబున్నీసా తాడును చుట్టి రవికెలో దోపుకుంది. గంప ఎత్తుకుంటూ, "జాన్‌కి తెలిస్తే?" అంది.

"కొలత తీసుకుంటే ఏం తెలుస్తది? తెలిసినప్పుడు చూద్దాం."

మర్నాడు పొద్దున్నే చిన్నకోటయ్య కొట్టు తెరవకుండా బస్టాండు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయాడు. పది మిషన్ల ముందు పదిమంది కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలో నిలబడి వాళ్ల చేతులనే చూశాడు. గది అవతల మాస్టారు యేసుపాదం ఈయన్ని గమనించి, కళ్లజోడు పైకి నెట్టుకుని వచ్చాడు.

"మనవరాలిని చేర్పిస్తారా పెద్దాయనా?"

"లేదండీ. చేతులు చూద్దామని వచ్చా."

మాస్టారు ఆయన్ని మళ్లీ ఒకసారి కింది నుంచి పైకి చూశాడు. "చేతులా?"

"ఆ మీటలున్నయి చూడండి. అయ్యి బల్ల మీద లేవు. బల్లకి నాలుగు వేళ్లు పైన ఉన్నయి." తన నాలుగు వేళ్లు కలిపి, ఖాళీ మిషను పక్కన నిలబెట్టి చూపించాడు. ఆ వేళ్ల వైపు తనే విస్తుపోయినట్టు చూసుకున్నాడు. "నేను మోచేతికి బల్లని కొలిచా. చెయ్యి ఉండేది బల్ల మీద కాదు గదా, మీట మీద. నాగలికి మేడే పట్టుకుంటాం కాబట్టి సరిపోయింది. ఇక్కడ మిషను ఎత్తు తీసెయ్యాలని నాకు తట్టలా."

"అందుకే టైపు బల్లలు పొట్టిగా ఉంటయి" అన్నాడు యేసుపాదం. తరవాత ఆయనకు కూడా ఆసక్తి పుట్టినట్టుంది. "అయినా ఈ చిన్నపిల్లలు భుజాలు పైకెత్తే కొడతారు, చూడండి. ఎన్నిసార్లు చెప్పినా దించరు."

"దించరు గాదండీ. దించితే చెయ్యి అందదు." చిన్నకోటయ్య చివరి వరసలో చిన్నపిల్ల కాళ్ల వైపు చూపించాడు. మడమలు గాలిలో ఉన్నాయి. "ఆ పిల్లకి కుర్చీ ఎత్తు. కుర్చీ తగ్గిస్తే బల్ల ఎత్తవుద్ది. రెండూ తగ్గాల."

యేసుపాదం మాస్టారు ఆ పిల్ల మడమల వైపు, బహుశా మొదటిసారి, చూశాడు. చిన్నకోటయ్య దండం పెట్టి వచ్చేశాడు.

సాయంత్రం మాబున్నీసా తాడు తెచ్చిచ్చింది. రెండు ముడులు. మొదటి ముడి పధ్నాలుగున్నర అంగుళాలు. రెండోది అక్కడి నుంచి తొమ్మిది.

"నాకెందుకు పిన్నీ కొలత అంది. కూర్చునేది నువ్వేగదే అన్నా. తరవాత తనే మంచం మీద కూర్చుని మోచెయ్యి మడిచింది. ట్రంకుపెట్టె మీద పెట్టుకుంటే భుజాలు హాయిగా ఉన్నయంట, నేలమీద కూర్చుంటే నడుం మాత్రం పోతందంట. తొందరగా చెయ్యమన్నది. అప్పీలు సగం అయిందంట."

శనివారం పొద్దున్న జాన్ సాహెబ్ కోర్టుకు పోతూ కొట్టు ముందు ఆగితే, "కుర్చీ కూడా పంపించు, దానికీ చిన్న పని ఉంది" అన్నాడు చిన్నకోటయ్య. గంటలో కుర్చీ రిక్షాలో వచ్చింది. పద్దెనిమిది అంగుళాల కుర్చీ. ఆయన తాడును కుర్చీ కాలు పక్కన వేలాడదీసి మొదటి ముడి దగ్గర పెన్సిలు గీత పెట్టాడు. రంపం వేసే ముందు ఇంకోసారి కొలిచాడు. ఒకసారి కోసిన చెక్కను మళ్లీ పొడుగు చెయ్యడానికి వీలుండదు. టేబులుకు రెండు ముడుల ఎత్తు తీసుకుని, అందులోంచి తన నాలుగు వేళ్లు తీసేశాడు. ఇరవై అంగుళాలు వచ్చింది. రంపం దిగుతుంటే టేకు పొట్టు వాసన ఘాటులోంచి కూడా తెలిసింది. అడ్డకర్రను కింది నుంచి ఊడదీసి వెనక్కి జరిపి బిగించాడు. అంచులు చిత్రిక పట్టాడు. ముందంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ గీతల మీద పాలిష్ ఒక పూత పూసి, గీతలను మాత్రం అట్లాగే ఉంచాడు.

ఆదివారం కోర్టు లేదు. జాన్ సాహెబ్ పది గంటలకు వచ్చాడు. టేబుల్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది మామా ఇది? నాలుగంగుళాలంటే నలభై అనుకున్నావా? బడిపిల్లల బల్ల గదా ఇది!"

"కూర్చో."

కూర్చున్నాడు. పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. ముందుకు జరిగితే రెండు మోకాళ్లూ టేబులు అంచుకు టక్కున కొట్టుకున్నాయి. "అబ్బా!" అని లేచాడు. మోకాలు రుద్దుకుంటూ, "ఎవరి కొలత మామా ఇది?" అన్నాడు.

"దీని ముందు కూర్చునే మనిషి కొలత."

జాన్ సాహెబ్ చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. ముందు రోడ్డు వైపు చూశాడు. ఎవరూ లేరు. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. మెడ పట్టేసినోడు టేబులు నెత్తిన పెట్టుకుని రాడబ్బాయ్."

అతను స్టూలు మీద కూలబడి, నేలమీది పొట్టులో చెప్పుతో గీతలు గీస్తూ, తల ఎత్తకుండా మాట్లాడాడు. "మొదట నేనే కొడదామనుకున్నా మామా. ఒక పేజీకి ఒక పూట పట్టేది. ఆమె పక్కన నిలబడి చూసి చూసి, జరగండి అంది. ఆ కాగితాలు చూసి ప్లీడరు గారు నా భుజం తట్టాడు. 'ఇంత శుభ్రంగా కొడతావని తెలవదు' అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు చెప్పలా. ఇప్పుడెట్టా చెప్పేది? కక్షిదారుల గుట్లన్నీ ఉండే కాగితాలు ఇంట్లో ఆడమనిషి చేతిలో పెడుతున్నానంటే ఊరుకుంటాడా? గుమాస్తాలంతా నవ్వరా?"

"చెయ్యి వాచింది చూశావా?"

"చూడకేం మామా. అందుకేగదా మూడుసార్లు మోసుకొచ్చా." ఈసారి తల ఎత్తాడు. "రాత్రి కొబ్బరినూనె రాస్తన్నా. కానీ ఈ బల్ల ఇంట్లో ఉంటే... రేపు కాగితాలకి ఆయనే వస్తానన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తే చాలు. నేను దీని ముందు కూర్చోలేనని ఎవడికైనా తెలుస్తది."

అది నిజం. చిన్నకోటయ్య అంత దూరం ఆలోచించలేదు. కొలత కుదిరితే చాలనుకున్నాడు. ఆయన గడ్డం గోక్కుంటూ కొట్టు లోపలికి పోయి, కోసిన కాళ్ల ముక్కలు, పక్కన పడి ఉన్న తుమ్మదుంగ చూశాడు. బయటికొచ్చి, "సాయంత్రం తీసుకుపో. దానికో ఉపాయం చేస్తా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నాలుగు తుమ్మ దిమ్మలు తయారుచేశాడు. ఒక్కోటి తొమ్మిదంగుళాల ఎత్తు. నెత్తిన ఉలితో నలుచదరంగా గుంట తొలిచాడు, టేబులు కాలు అందులో దిగి కదలకుండా నిలిచేట్టు. దిమ్మల మీద నిలబెడితే టేబులు మగవాడి టేబులు. దించేస్తే అబిదా టేబులు. సాయంత్రం జాన్ సాహెబ్ ఒక దిమ్మను రెండు చేతులా పట్టుకుని, గుంటలో వేలు పెట్టి తిప్పి చూశాడు. ఊపిరి వదిలాడు. "ఎవరన్నా వస్తే ఎక్కించటం, పోతే దించటం. అంతేగా?"

"అంతే. కానీ మీ ఇంట్లో నాపరాళ్లు ఎగుడుదిగుడు. పొద్దున్నే వచ్చి అడుగులు సరిచేసి పోతా."

సోమవారం ఎనిమిదింటికల్లా చిన్నకోటయ్య ఆ ఇంట్లో ఉన్నాడు. ముందుగది చిన్నది. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, లోపలిగదికి అడ్డంగా పువ్వుల తెర. టేబులు కిటికీ దగ్గర వేసి, ఊగుతున్న కాలి కింద చెక్కపేడు ఒకటి దోపి, గ్లాసులో నీళ్లు పోసి దాని మీద పెట్టి చూశాడు. నీళ్లు ఒక పక్కకు వాలలేదు. జాన్ సాహెబ్ మిషను ఎత్తి దాని మీద ఉంచాడు.

తెర పక్కకు జరిగింది. ఎర్రకొంగు తలమీదికి లాక్కుంటూ అబిదా వచ్చింది. ఎడమ చేతి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. "బాగున్నారా బాబాయ్" అని అడిగి, జవాబు వినకుండానే టేబులు వైపు చూసింది. కుర్చీ ముందు, కాళ్లు పెట్టుకునే రెండు ఇటుకలు ఇంకా నేలమీదే ఉన్నాయి.

"కూర్చో అమ్మా. తేడా ఉంటే ఇప్పుడే చెప్పాల."

కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. ఆనినట్టు నమ్మకం కుదరక ఒకసారి కిందికి వంగి చూసుకుంది. తరవాత ఇటుకలను ఒక్కొక్కటే కాలితో పక్కకు తోసేసింది. చేతులు మీటల మీద పెట్టింది. భుజాలు పైకి లేవడానికి అలవాటుగా సిద్ధపడి, అవసరం లేదని తెలిసి, మెల్లగా దిగాయి.

మిషను మోగింది. ఒక వరస, గంట, కాగితం బండి వెనక్కి లాగిన చప్పుడు, మళ్లీ వరస. చిన్నకోటయ్య ఉలి సంచి కట్టుకోవడం మరచిపోయి విన్నాడు. మంచి చిత్రిక మంచి చెక్క మీద నడిస్తే వచ్చే చప్పుడుకూ దీనికీ ఏదో చుట్టరికం ఉంది. ఎక్కడా తట్టుకోదు. ఆయన కళ్లు మాత్రం పక్కకు తోసిన ఇటుకల మీదే ఉన్నాయి. అట్లాంటిదే ఇంకెక్కడో రోజూ చూస్తున్నట్టు అనిపించింది గానీ, ఎక్కడో అందలేదు.

పదకొండు దాటింది. చిన్నకోటయ్య తలుపు గడియ ఊడిందంటే దాన్ని కూడా బిగిస్తూ ఉండిపోయాడు. ఆఖరి పేజీ చివరి వరసల్లో ఉండగా వీధిలో స్కూటరు ఆగింది.

"వచ్చాడు!" అన్నాడు జాన్ సాహెబ్. అబిదా చటుక్కున లేచి తెర వెనక్కి పోయింది. చిన్నకోటయ్య దిమ్మలు తీసుకుని మోకాళ్ల మీద వంగాడు. జాన్ సాహెబ్ మిషనుతో సహా టేబులు ముందంచు పట్టి ఎత్తాడు. ఒక కాలు గుంటలో దిగింది. రెండోది దిగబోతుండగా పైకెత్తిన టేబులు అక్కడే ఆగిపోయింది.

"ఊఁ, కొంచెం ఎత్తబ్బాయ్" అన్నాడు చిన్నకోటయ్య కింద నుంచి.

తలెత్తి చూశాడు. జాన్ సాహెబ్ బొటనవేళ్లు రెండూ ముందంచున ఆ నెలవంక గీతల మీద ఉన్నాయి. తడుముతున్నాయి. ఆ ఇంట్లో మూడు నెలలుగా ఉన్న గీతలను ఆ మనిషి ఇప్పుడే చూస్తున్నట్టున్నాడు. అతని చూపు అక్కడి నుంచి తెర మీదికి పోయింది. తెర కింద రెండు పాదాలు, కదలకుండా నిలబడి ఉన్నాయి.

వీధి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"వద్దులే మామా" అన్నాడు జాన్ సాహెబ్. టేబుల్ని జాగ్రత్తగా, దిమ్మ పక్కన, నేలమీదికి దించాడు.

ప్లీడరు హనుమయ్య గారు చేతిలో రెండు కాగితాలతో లోపలికొచ్చారు. "అయిందా? ఇంకో పేరా చేర్చాల. పన్నెండున్నరకల్లా దాఖలు కావాలి. కూర్చో, చెబుతా, కొట్టు." అంటూనే టేబులు చూసి ఆగిపోయారు. "ఇదేందయ్యా? ఎవరి బల్ల ఇది?"

"అబిదాదండి." జాన్ సాహెబ్ టేబులు అంచు మీంచి చెయ్యి తియ్యలేదు. "మా ఆవిడ. టైపు చేసేది తనేనండి. మొదటి నుంచీ."

ప్లీడరు గారు టేబులు వైపు, ఆరడుగుల గుమాస్తా వైపు, నేలమీది ఇటుకల వైపు వరసగా చూశారు. లాయరు కళ్లు గదా, ఇంక ఏ సాక్షినీ అడగలేదు. తరవాత చేతి గడియారం చూసుకున్నారు. ఆయన చూపు మిషను మీదికి పోతుందేమోనని చిన్నకోటయ్యకు భయం. ఆ మిషను ప్లీడరు గారిదే.

హనుమయ్య గారు మంచం మీద, తెరకు వీపు చేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "రమ్మను అమ్మాయిని. టైము లేదు."

అబిదా వచ్చి కూర్చుంది. ఆయన గోడకు చెబుతూ పోయారు. మొదట ఒక్కో మాటా విడగొట్టి చెప్పారు. నాలుగు వరసలయ్యేసరికి మామూలుగా చెప్పారు. పేరా ముగిసేసరికి కోర్టులో వాదించేంత వేగంగా చెబుతున్నారు. గంట మోగడం, బండి లాగడం తప్ప వెనక నుంచి ఏ చప్పుడూ ఆయన్ని ఆపలేదు.

చివరి కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నారు. ఎక్కడా దిద్దలేదు. లేచి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగారు. "జాన్, క్రోసూరు దావాలో ప్రతివాది ఇంటిపేరు నేను తప్పు రాశాను. టైపులో సరిగ్గా వచ్చింది. జడ్జిగారి ముందు పరువు దక్కింది. అది నువ్వా?"

"కాదండి. నేను చూడనే లేదు."

"హూఁ." చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు. అప్పుడు ఆయన కంటికి మూల నిలబడ్డ చిన్నకోటయ్య, అతని చంకలో నాలుగు దిమ్మలూ కనిపించాయి. "అవేంటి?"

"ఏం లేదండి. మిగిలిన చెక్క."

"రేపటి కాగితాలు మధ్యాహ్నం పంపిస్తా" అన్నారు ప్లీడరు గారు, గదిలో ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకుండా. స్కూటరు వెళ్లిపోయింది. మిషను కిటికీ దగ్గర, ఇరవై అంగుళాల ఎత్తున, ఉన్నచోటే ఉంది. జాన్ సాహెబ్ ట్రంకుపెట్టె మీద కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. అబిదా మణికట్టు గుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటూ, "బాబాయ్‌కి టీ పెట్టనా?" అంది. "చెయ్యి నొప్పి కదా, నేను పెడతా" అని అతనే లేచాడు.

చిన్నకోటయ్య దిమ్మలు మోసుకుని ఇంటికొచ్చేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. వంటింట్లో కోడలు సుందరి పులుసు తాలింపు వేస్తోంది. ఆయన కొడుకు రాళ్ల లారీ మీద పోయి వారమైంది.

"ఆ దిమ్మలేంది మామయ్యా?"

"మిగిలిన చెక్కమ్మా" అని వాటిని మూల పెట్టబోయి, అక్కడే ఆగిపోయాడు.

సుందరి పీట మీద నిలబడి ఉంది. కిరసనాయిలు స్టవ్వు పెట్టుకునే బల్ల ఎత్తుగా ఉండటంతో, మూకుట్లోకి చూడాలంటే పీట ఎక్కాలి. రెండేళ్లుగా రోజూ ఆ పీట ఎక్కుతోంది, దిగుతోంది. పీట నడుమ రెండు పాదాల మేర నున్నగా అరిగింది. పొద్దున ఇటుకలను చూసినప్పుడు అందనిది ఇదేనని ఆయనకు ఇప్పుడు అందింది.

"ఈ బల్లకి కొలత ఎవరిచ్చారమ్మా?"

"మీ అబ్బాయే గదా. మీరే ఆయన్ని నిలబెట్టి కొలిచారు" అంది సుందరి, తాలింపు చిటపటల మధ్య నుంచి, అందులో వింతేముందన్నట్టు.

చిన్నకోటయ్య దిమ్మలు మూల పెట్టాడు. జేబులోంచి నూలుతాడు తీశాడు. అందులో అబిదా ముడులు రెండూ అట్లాగే ఉన్నాయి. గోటితో ఒకదాని తరవాత ఒకటి నిదానంగా విప్పి, తాడును అరచేతుల మధ్య సాఫు చేశాడు.

"స్టవ్వు తగ్గించి, ఒకసారి పీట దిగమ్మా."

"ఎందుకు మామయ్యా?"

"దిగి మోచెయ్యి మడువు."

సుందరికి అర్థం కాలేదు. నవ్వుతూనే పీట దిగి, నేలమీద నిలబడి, గరిటె చేతిలో ఉండగానే మోచెయ్యి మడిచింది.